శ్లోన్స్క్ అన్నందుకు

ఓడ్రా నదికి అటూ ఇటూ పరచుకున్న మా సీమను పటాలు సైలీషియా అంటాయి, మేం శ్లోన్స్క్ అంటాం. ఆ పేరు ఒక కొండ నుంచి వచ్చిందని కొందరు పండితులు, కొండ పక్కన పారే ఏటి నుంచి వచ్చిందని మరికొందరు రాశారు. ఎప్పుడో వలసపోయిన తెగ పేరని జర్మన్ పుస్తకాలు, చెమ్మ అనే అర్థమున్న పాత మాట అని పోలిష్ పుస్తకాలు. తిరిగిన ఊళ్లన్నిట్లో దొరికినవన్నీ చదివాను. నేలమాళిగలో బంగాళాదుంపలు దాచుకునే మా ఆడవాళ్లనడిగితే చెమ్మకే ఓటేస్తారు. చెక్ రాజులు ఏలారు, ఆస్ట్రియా రాణి ఏలింది, ప్రష్యా రాజు లాక్కున్నాడు. ఎవరి నోరు తిరిగినట్టు వాళ్లు పలికారు గానీ పేరు మాత్రం ఉండిపోయింది. 1946 వసంతంలో ఆ పేరు పలకాలంటేనే మా ఊళ్లో నాలుకలు ఎండిపోయాయి.

మా పక్కింటి ఒతీలియా పీఖులకు అప్పుడు అరవై ఒకటి. భర్త మొదటి యుద్ధం గాయాలతో ఇంటికొచ్చి పోయాడు. పెద్దబాతులు పెంచి, చలికాలమంతా ఈకలు చీల్చి, ఊళ్లో ప్రతి పెళ్లికూతురికీ పరుపు కుట్టిచ్చిన మనిషి. రెండో యుద్ధం ముగిశాక మా సీమ జర్మనీ చేతిలోంచి పోలండ్ చేతిలోకి పోయింది. పోలిష్ వాళ్లమని కమిటీ ముందు రుజువు చేసుకున్నవాళ్లకు కాగితం. కాగితం లేనివాళ్లకు పడమటికి పోయే రైలు. ఇల్లూ, బాతులూ, భర్త సమాధీ ఇక్కడే వదిలేసి పోవాలి.

సాక్షిగా నేనే ఆవిణ్ణి కమిటీ దగ్గరికి బండి మీద తీసుకెళ్లాను.

“పిన్నీ, ఎవరు నువ్వు అని అడిగితే ఏమంటావు?”

“ఒతీలియాని అంటా.”

“ఆ తర్వాత?”

“పోలిష్ అనాలి. తెలుసులే అలోయిజూ, వారం నుంచి బాతులకు కూడా అదే అప్పజెప్తున్నా.” నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “ఒకవేళ నోట్లోంచి ఇంకోటి వస్తే?”

కమిటీలో పెద్ద ఒక బడిపంతులు. తూర్పున తన ఊరు రష్యావాళ్ల పాలైతే మా దగ్గరికి వచ్చిపడ్డాడు. పక్కన మా ఊరి తరఫున కమ్మరి ఇగ్నాత్స్ మ్రోచెక్.

“ఏ జాతి?” అన్నాడు పంతులు.

“శ్లోన్స్క్ మనుషులమండీ మేం.”



“ఫారంలో ఆ గడి లేదమ్మా. ఉన్నవి రెండే, పోలిష్, జర్మన్. సరే, పరలోక ప్రార్థన చెప్పు.”

ఆవిడ కళ్లు మూసుకుని, వాళ్లమ్మమ్మ నేర్పిన పాత పోలిష్‌లో ఒక్క మాట తప్పకుండా చెప్పింది. పంతులు మొహం మెత్తబడింది. “మా నాయనమ్మ ఇలాగే చెప్పేది,” అని కలం సిరాలో ముంచాడు. “ఇంట్లో బాతులెన్ని?”

ఆవిడ వేళ్లు మడుస్తూ మెల్లగా లెక్కపెట్టింది. “ఐన్స్, త్స్వై, ద్రై...”

మా ఊళ్లో అందరం అంతే. ప్రార్థన ఇంట్లో నేర్చాం, ఎక్కాలు జర్మన్ బడిలో. ఆ రెండూ మా నోట్లో ఎన్నడూ పోట్లాడుకోలేదు. ఐదో వేలు దగ్గర ఆవిడకు తెలిసొచ్చింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పంతులు కలం కింద పెట్టాడు.

“అయ్యా,” అన్నాడు ఇగ్నాత్స్, “పోలిష్‌లో లెక్కపెడితే బడిలో వేళ్లమీద కొట్టేవాళ్లు. నేనూ సుత్తి దెబ్బలు అలాగే లెక్కపెడతా. మరి నన్నెందుకు కూర్చోబెట్టారు ఈ కుర్చీలో?”

“నీ సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు పంతులు. గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువుంది. ఆయన వెనక కూడా ఎవరో ఉంటారుగా. “అమ్మా, చివరిసారి అడుగుతున్నా. ఎవరు నువ్వు?”

“పోలిష్,” అంది ఒతీలియా. బావిలోంచి వచ్చినట్టుంది ఆ మాట.

కాగితం ఇచ్చారు. బండిలో ఇంటిదాకా దాన్ని రవికలో దాచుకుని, పైనుంచి చేత్తో నొక్కిపట్టుకునే ఉంది. 

మరుసటి వారం ఇగ్నాత్స్‌ను అదే బల్ల ముందు నిలబెట్టారు. రెండు గడుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. “శ్లోన్స్క్ అని రాసుకోండి,” అన్నాడట. మూడుసార్లు అడిగారట, మూడుసార్లూ అదే. ఇంటికొచ్చాక పెళ్లాం నెత్తి కొట్టుకుంది. “నీ నోరు కొలిమిలో పెట్ట. పోలిష్ అంటే నీ మీసం ఊడిపోతుందా?”

“ఆ పేరు మీద పుట్టాను, ఇంకేం చెప్పనే?” అన్నాడని ఊరంతా గుసగుసగా చెప్పుకున్నారు, తలుపులు వేసుకుని.

జూలైలో ఇగ్నాత్స్‌నూ పెళ్లాన్నీ పడమటి రైలెక్కించడానికి స్టేషన్‌కు తీసుకెళ్లే రోజు వచ్చింది. పొద్దున్నే ఒతీలియా తన ఇంటికి పిలిచి కొత్త ఈకల దిండు ఒకటి నా చేతిలో పెట్టింది.

“ఇగ్నాత్స్‌కు నువ్వు ఇచ్చిరా అలోయిజూ.”

“గుర్రానికి ఒంట్లో బాగాలేదు పిన్నీ,” అన్నాను. గుర్రం బాగానే ఉంది. నాకూ కాగితం వచ్చి నెల కూడా కాలేదు.

ఆవిడ దిండు తీసుకుని తనే గేటు దాకా వెళ్లింది. రోడ్డు మీద తుపాకీతో నిలబడ్డ మిలీషియావాణ్ణి చూసి వెనక్కి వచ్చేసి తలుపు గడియ వేసింది. బండి వస్తున్న చప్పుడైంది. ఇగ్నాత్స్ ఆవిడ కిటికీ ఎదురుగా టోపీ తీశాడు. ఆవిడ పరదా కదలకుండా రెండు చేతులతో బిగించి పట్టుకుంది. నేను ఆవిడ వెనకే, గోడకు ఆనుకుని నిలబడ్డాను.