కౌజు చెప్పిన సాక్ష్యం

సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే చంద్రమౌళికి ఆ చప్పుడులోనే చెవులు మందగించాయి. మనుషుల మాటలు పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు. కౌజు పిట్ట కూత కూడా వినపడకుండా పోతుందేమోనన్నదే ఆయన రంధి. పుట్టిన ఊరు రుద్రంగి పక్క గడ్డి బీడులో మగ కౌజు పొద్దుపొద్దున్నే రాయెక్కి, ఈ జాగా నాదేనన్నట్టు గొంతెత్తి కూస్తుంది. దాన్ని టేపులో పట్టుకుంటే, చెవికి ఆనించుకుని మరికొన్నాళ్లు వినొచ్చని ఆశ. మస్కట్ నుంచి వచ్చిన కోరుట్ల బామ్మర్దిని బతిమాలి టేపు రికార్డరు తెచ్చుకున్నాడు.

పిట్ట దూరం నుంచి కూస్తే టేపులో గాలి హోరే ఎక్కువ. అందుకని వేటగాళ్ల ఉపాయం పట్టాడు. వాళ్లు పంజరంలో పెంపుడు కౌజును కూయిస్తారు. తన జాగాలోకి ఇంకోటి చొరబడిందని బీడు కౌజు కొట్లాటకు ఉరికొచ్చి ఉచ్చులో పడుతుంది. చంద్రమౌళి ఉచ్చు పెట్టలేదు. తానే దోసిలి నోటికి అడ్డం పెట్టి కూసేవాడు. పిట్ట దగ్గరికొచ్చి జవాబిచ్చేది. కూత ఎటు నుంచి వస్తోందో కూతురు సరోజన చేయి చాపి చూపేది. ఏడో తరగతితో బడి మానిపించి కండెలు చుట్టే పనిలో పెట్టిన పిల్ల.

ఒక వారం పని ఎక్కువై ఆమె తోడు వెళ్లలేదు. వెనక జీపు ఆగిందని చంద్రమౌళికి చెప్పేవారు లేకపోయారు. నక్సలైట్ అన్నల కోసం పోలీసులు బీడులూ గుట్టలూ జల్లెడ పడుతున్న రోజులవి. టేపు విన్నారు. ఒక కూత, దానికో జవాబు. అన్నల సంకేతాలనుకున్నారు.

పిలిచేదెవడు, పలికేదెవడని ఎస్సై అడిగాడట. ప్రశ్న వినపడక చంద్రమౌళి ఊరుకున్నాడు. ఊరుకోవడం పొగరైంది. ఠాణాకు తీసుకెళ్లి బెల్టు పెట్టి కొట్టారు.

మర్నాడు సరోజన ఠాణా ముందు నిలబడేసరికి తండ్రి పెదవులు వాచి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. వినపడని మనిషిని వినలేదని కొట్టారు.

"అది పిట్ట, సారూ. మీరే అచ్చి చూడుండ్రి."

పిట్ట రాకపోతే నిన్నూ లోపలేస్తానని ఎస్సై జీపెక్కించాడు. తీరా బీడుకు చేరాక తండ్రికి నోరు తెరవరాలేదు. నలుగురు మగవాళ్ల ముందు సరోజన దోసిలి పట్టి తానే కూసింది. మొదటిసారి పిట్ట పలకలేదు. ఇంకోసారి కూసింది. బోదగడ్డి కదిలింది. మెడ నిక్కించి, అరుచుకుంటూ కౌజు ఆమె ముందుకే ఉరికొచ్చింది.

ఒక కానిస్టేబులు దాని పైన తువ్వాల విసిరి పట్టుకుని, అక్కడికక్కడే మెడ తిప్పేశాడు.

"గా పానం సాక్ష్యం చెప్పవట్టే మా బాపు బతికిండు," అంది సరోజన. "దాన్నే సంపుతరా?"

"గీ ఒక్కదాని కూర ఎవ్వలకు సాలుతది?" నవ్వాడు ఎస్సై. "ఇంకోపారి కూయి పిల్లా. మీ బాపును ఇడిసిపెడుత."

సరోజన దోసిలి చూపి, కూయనా అన్నట్టు తండ్రి వైపు చూసింది. ఆయన చనిపోయిన పిట్టను చూస్తూ అడ్డంగా తలూపాడు.

"కూయ," అంది. "గది పిట్టనే అని తేలింది గద. ఇడువుండ్రి."

ఎస్సై ఆమె తండ్రిని వదిలేయమని, జీపు తీయమన్నాడు. విచారణకు కావాలని టేపు రికార్డరు మాత్రం ఉంచేసుకున్నాడు. ఏం విచారణో అడిగితే పళ్లు రాలతాయన్నాడు.

దయతలచి వదిలేసినందుకు సారుకు దండం పెట్టి పొమ్మన్నాడు కానిస్టేబులు. ఎన్నేళ్ల అలవాటో, మాట వినపడకున్నా ఆ వేలి సైగకు చంద్రమౌళి చేతులు వాటంతటవే లేచాయి. సరోజన ఆ రెండు చేతులూ పట్టి కిందికి దించింది. అట్లాగే పట్టుకుని సిరిసిల్ల బస్సు దారి పట్టించింది.