గోడకు ఆనించి పెట్టిన కారు

నాచారం ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మొరాయించిన కారు బానెట్ మీద చెవి ఆనించి రోగం చెప్పేవాణ్ణి. సికింద్రాబాద్ దాకా మెకానిక్కులంతా చేతులెత్తేసిన మా కారు జబ్బును నేను ఒక్క నిమిషంలో పట్టేశాను. వాళ్లు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

అది మూడు చేతులు మారి ఉప్పల్లో మా ఇంటికి చేరిన పాత విలాయతీ కారు. పగలంతా బుద్ధిగా తిరిగేది. సాయంత్రం ఆపితే, తెల్లారేసరికి బ్యాటరీలో ప్రాణం ఉండేది కాదు. మొదట్లో బ్యాటరీ నిజంగానే ముసలిదైంది కాబట్టి, నెట్టుకోవడానికి వీలుగా ఇంటి పక్కన వాలు మీద పెట్టడం మొదలుపెట్టాను. వెనక భాగం ప్రహరీ గోడకు, ముక్కు రోడ్డుకేసి. తర్వాత కొత్త బ్యాటరీ వేయించాను. అదీ రోజూ తెల్లారేసరికి చచ్చేది.

నెట్టేవాళ్లలో ముందుండేది పక్కింటి గుంటూరు మాస్టారు. "ఏవండీ, ఇది కారా, తోపుడుబండా? ఆ సంగతేదో చెబితే రేపట్నుంచి కూరగాయలు కూడా ఎక్కిద్దాం!" అనేవారు.

మాస్టారు మాటలు నాకు పట్టలేదు గానీ మా ఆవిడకు పట్టాయి. ఒక ఆదివారం చర్చికి బయలుదేరినప్పుడు, బజారంతా కారు నెడుతుంటే లోపల తెల్లచీర కట్టుకుని కూర్చోవడం ఆమెకు తలకొట్టేసినట్టయింది.

"వచ్చే ఆదివారం ఇది తనంతట తాను కదలాలె. లేకుంటే సోమవారం మేడిపల్లి ఆయనకు అమ్ముడే. మస్తు దినాల సంది అడుగుతున్నడు," అంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నాకు సలాం కొట్టేది కారు దిగుతాననే. బస్సు దిగితే ఎవడు కొడతాడు?

కరెంటు తాగే వస్తువులను ఒక్కొక్కటే ఊడదీశాను. ముందు లోపలి బల్బు. తర్వాత హారన్ తీగ. దాంతో నాచారం దాకా కిటికీలోంచి తల బయటపెట్టి "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరుస్తూ పోయాను. బర్రెలు జరిగాయి, మనుషులు జరగలేదు. బ్యాటరీని నింపే డైనమోను కూడా విప్పి చూశాను. పాపం, అది నిర్దోషి.

బ్యాటరీ దుకాణం అతను నవ్వాడు. "బ్యాటరీ మంచిగనే ఉన్నదన్నా. రాత్రిపూట ఏదో తాగుతున్నది. ఫికర్ జెయ్యకు, తీగ ఊడదీసి పండుకో." రోగం పట్టుకోకుండా అలా తప్పించుకోవడం నా హోదాకు తక్కువనిపించింది.

శనివారం వచ్చేసింది. అప్పటికి కొన్నాళ్లుగా మా అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. కీసర దగ్గరి పల్లె నుంచి కోడిని చంకలో పెట్టుకుని బస్సులో వచ్చింది. ఆమెకు మా కారంటే భయం. దాని చేతిబ్రేకు పట్టేది కాదు. ఒకసారి తనంతట తానే వాలు దిగి, రోడ్డు దాటి, కల్లు దుకాణం ముందు ఆగింది. చక్రాల కింద రాళ్లు పెడితే ఎవరో పొయ్యికి ఎత్తుకుపోయేవారు. అందుకని అత్తమ్మ రోజూ సాయంత్రం విరిగిన పార కర్రను సీటుకూ కాలి బ్రేకుకూ మధ్య బిగించేది. పొద్దున్నే దాన్ని తీసి పక్కన పడేసేవాణ్ణి. కర్రకూ కరెంటుకూ చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ సాయంత్రం మసక పడే వేళ కోడి వెళ్లి కారుకూ గోడకూ మధ్య సందులో దూరింది. పట్టుకుందామని వంగాను. గోడ ఎర్రగా వెలుగుతోంది! బ్రేకు తొక్కితే వెలిగే లైట్లు. మా కారులో తాళంచెవి తీసేసినా ఆ లైట్లు బ్రేకు మాటే వినేవి. కర్ర రాత్రంతా బ్రేకు తొక్కుతూనే ఉంది, వెలుగంతా గోడ మింగుతోంది. బ్యాటరీ దిగుతుందని కారును వాలెక్కించాం, వాలు మీద జారుతుందని కర్ర బిగించాం, ఆ కర్రే బ్యాటరీని దించింది.

చెవి ఆనించి చెప్పానన్నది కాస్త సాగదీసిన మాటే. ఒక్క నిమిషం కాదు, వారాలు పట్టింది. మెకానిక్కులెవరూ చేతులు కట్టుకోలేదు. నామోషీకొద్దీ నేను పిలవనే లేదు. కానీ పట్టింది మాత్రం నేనే.

అప్పటికప్పుడు బ్యాటరీ నింపించి, కారును చదును నేల మీద పెట్టాను, కర్ర లేకుండా. ఆదివారం తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. చొక్కా చేతులు మడుచుకుని వచ్చిన మాస్టారు, పని దొరకనట్టు నిలబడిపోయారు. మా ఆవిడ చీర సర్దుకుని దర్జాగా కూర్చుంది. మేడిపల్లి ఆయన మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంతవరకూ రాసి ఆమెకు చదివి వినిపించాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"కోడి వెంబడి పోయింది మా అమ్మ. 'అల్లుడా, గోడ గిట్ల ఎర్రగున్నదేంది?' అని పిలిచింది మా అమ్మ. నువ్వు మంచంల పండుకున్నవ్. ఇగ ఆ కర్ర రోజూ పెట్టింది నువ్వే. మా అమ్మకు కారు తలుపు తీసుడే రాదు."