అన్నపూర్ణగారి బుడాపెస్టు పరస్థానం

2023 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రాజమండ్రి దానవాయిపేటలోని మా ట్రావెల్స్ ఆఫీసుకి ఒక జంట వచ్చారు. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, గోడకి ఒక ప్రపంచపటం. కాశీ యాత్రల బస్సులతో మొదలుపెట్టి, దుబాయి, సింగపూరు దాటి యూరప్ దాకా రావడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఇన్నేళ్ళలో జనం అడగని ప్రశ్నంటూ లేదు కనుక, ఇక నన్ను ఆశ్చర్యపరిచేవాళ్ళు పుట్టలేదని నాకో చిన్న గర్వం ఉండేది.

ఆయన పేరు గంగరాజుగారు. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. కుర్చీలో కూర్చున్నా మనసు చెరువుగట్టు మీదే ఉన్నట్టు ఫోను చూసుకుంటూనే ఉన్నారు. ఆయన భార్య అన్నపూర్ణగారు సంచిలోంచి చుట్టచుట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. మేత కంపెనీవాళ్ళు ఏటా పంచిపెట్టే గోడ క్యాలెండరులో ఒక పేజీ అది. పెద్ద నది, ఒడ్డున దీపాలతో మెరిసిపోతున్న భవనం, వెనక ఒక వంతెన.

"ఈ ఊరెక్కడుందో చెప్పగలరా అన్నయ్యగారూ? కింద పేరు వెయ్యలేదు."

"బుడాపెస్టండి. హంగరీ దేశానికి రాజధాని. ఆ భవనం వాళ్ళ పార్లమెంటు. ఆ నది డాన్యూబు. నదికి ఇటు పెస్టు, అటు బుడా."

"మన రాజమండ్రి, కొవ్వూరులాగా అన్నమాట," అన్నారావిడ. "అక్కడికే వెళ్ళాలండి. ఆ ఒక్క ఊరు చాలు."

మనవాళ్ళు యూరప్ అనగానే పది రోజుల్లో ఆరు దేశాలు అడుగుతారు. బస్సు దిగి ఫోటో, బస్సెక్కి నిద్ర. ఒకే ఊరికి వెళ్ళి, నాలుగైదు రోజులు అక్కడే ఉండి, తిరిగి రావడాన్ని మా వ్యాపారంలో సిటీ బ్రేక్ అంటారు. మా వైపు నుంచి ఎవరూ అడగరు. అడిగినావిడ మీద నాకు అప్పటికప్పుడు అభిమానం కలిగింది.

గంగరాజుగారు మాత్రం ఖచ్చితంగా చెప్పేశారు. "ఏప్రిలాఖరుకి పట్టుబడి ఉంటుందండి. రొయ్య పట్టేశాక చెరువులు ఎండగట్టాలి. మళ్ళీ రొయ్యపిల్ల సీడు వదిలేలోగా మే నెలలో నాకు ఒక్క వారం దొరుకుద్ది. దానికి మించి ఒక్క రోజు కూడా అడక్కండి."

కాగితం మీద గీసి చూపించాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బుడా వైపంతా కొండ. అందుకని హోటలు పెస్టు వైపు, నది ఒడ్డు వెంబడే నడిచే ట్రాముకి దగ్గరలో. మొదటిరోజు ఒడ్డున కూర్చోవడం తప్ప మరే పనీ లేదు. రెండో రోజు తాడుతో పైకి లాగే బండిలో కొండెక్కి పాతకోట. మూడో రోజు పార్లమెంటు లోపల, తర్వాత పాత మార్కెట్టు. నాలుగో రోజు సాయంత్రం పడవ. అక్కడి వేడినీటి స్నానఘట్టాలకి చాలా పేరని కూడా చెప్పాను.

"అందరూ కలిసి ఒకే తొట్లోనా? ఒద్దండి బాబూ," అన్నారు అన్నపూర్ణగారు.

ఆయన కారు తీయడానికి బయటికి వెళ్ళాక, ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు. "ఇంతకు ముందు రెండుసార్లు అనుకున్నామండి. ఓసారి కాశ్మీరు, ఓసారి సింగపూరు. రెండుసార్లూ చెరువులకి వైట్ స్పాట్ తెగులు తగిలింది. ఈయన్ని బతిమాలి బతిమాలి ఇప్పటికి ఒప్పించాను. ఇదీ తప్పిపోతే ఇంక నేను అడగను. అడగడానికే సిగ్గుగా ఉంది."

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ తన కోసం అడిగినది ఆ ఒక్కటే అని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అందుకని ఆ ప్రయాణాన్ని సొంత చెల్లెలి పనిలాగే నెత్తిన వేసుకున్నాను. హైదరాబాదు పంపి వీసాకి వేలిముద్రలు వేయించాను. మా దేశంలో ఎన్నాళ్ళుంటారు, తిరిగి ఎందుకు వెళతారు అని వీసావాళ్ళు అడిగితే చూపించడానికి చెరువుల లీజు కాగితాలు సైతం జతచేశాను. వీసా వచ్చింది, కానీ రోజులు లెక్కపెట్టి ఇచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రాత్రికి పైదేశం విమానం. అన్నీ ఒకే టికెట్టు మీద.

"శుక్రవారమా అండి?" అన్నారు అన్నపూర్ణగారు ఫోనులో. "పడమరకి వారశూల కదా, ఆ దిక్కుకి బయల్దేరకూడదంటారు. గురువారం కుదరదా?"

గురువారం సీట్లు లేవు. శనివారమైతే ఒక రోజు పోతుంది. ఆ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నా నోరు ఊరుకోదు. "విమానానికి వారాలేంటండీ! శూలా గీలా ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తుకి అందవులెండి," అని పెద్దగా నవ్వాను. పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి కూడా నవ్వింది. అవతల ఆవిడ నవ్వలేదు. "సరేనండి," అని పెట్టేశారు.

ప్రయాణానికి ముందు బుధవారం ఆవిడ ఒక్కరే వచ్చారు. వీసాలు వేసిన పాస్‌పోర్టులు రెండూ, టికెట్లు, ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ కొత్త హ్యాండుబ్యాగులో నా చేతులతోనే సర్ది ఇచ్చాను. "ఇది మాత్రం కంటికి రెప్పలా చూసుకోండి," అన్నాను. "మీరు చెప్పాలా," అన్నారావిడ.

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకి గంగరాజుగారి ఫోను. మాట్లాడటం లేదు, అరుస్తున్నారు.

"ఏమండీ, మేం ధవళేశ్వరంలో ఇరుక్కుపోయామండి! పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి తాళమేశారండి!"

"ఎవరింట్లో అండి?"

"మా వదినగారింట్లో! ఈవిడే తెచ్చి పెట్టిందంటండి, నాకు చెప్పకుండా!"

స్కూటరు తీసుకుని బయల్దేరాను. వెళ్ళేసరికి వీధిలో కారు, కారుకి ఆనుకుని ఆయన, అరుగు మీద కూలబడి ఆవిడ. ఎదురుగా ఇంటి తలుపుకి ఇత్తడి తాళం.

విషయం ఇదీ. ప్రయాణం చేసే రోజు మంచిది కాకపోతే, దానికి ముందే మంచి రోజు చూసుకుని, వెంట తీసుకెళ్ళే వస్తువు ఒకటి వేరే ఇంట్లో పెట్టి వస్తారు. దాన్ని పరస్థానం పెట్టడం అంటారు. ప్రయాణం ఆ మంచి రోజునే మొదలైనట్టు లెక్క. పెట్టినదాన్ని మళ్ళీ ఇంటికి తేకూడదు. వెళ్ళేరోజున దారిలో తీసుకుని అలాగే సాగిపోవాలి. చాలామంది ఒక చీరో, తువ్వాలో పెడతారు. అన్నపూర్ణగారికి ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఏదని ఆలోచిస్తే ఆ హ్యాండుబ్యాగే కనిపించింది. బుధవారం నా ఆఫీసు నుంచి తిన్నగా ధవళేశ్వరం వచ్చి, ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే అక్క కుసుమగారింట్లో దాన్ని ఉంచి వెళ్ళారు.

టికెట్టు మీద రాత్రి విమానం చూసి, వీళ్ళు సాయంత్రం వస్తారనుకున్నారట కుసుమగారు. పొద్దున్నే మీటింగని కాకినాడ వెళ్ళిపోయారు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

"జాకీ రాడ్డు తీసుకొచ్చి తాళం బద్దలుకొడతానండి," అన్నారు గంగరాజుగారు.

"ప్రయాణమప్పుడు తాళం పగలగొడతారా? నేను రానంటే రాను," అన్నారు ఆవిడ. అని, వెంటనే ముఖం చీరచెంగులో దాచుకున్నారు.

"అయితే కారులో హైదరాబాదు పోతామండి. రాత్రి విమానమేగా అసలుది?" అని ఆయన నన్నడిగారు.

అదొక్కటే కుదరదు. ఒకే టికెట్టులో మొదటి విమానం ఎక్కకపోతే దాన్ని నో-షో అంటారు. ప్రయాణికుడు రాలేదని రాసుకుని, వెనకాల ఉన్న విమానాలన్నీ వాటంతటవే రద్దు చేసేస్తారు. ఆ మాట చెబుతుంటే ఆవిడ తలెత్తి నా వైపు చూశారు. నేను చూపు తిప్పేసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి కౌంటరు మూసేస్తారు. అప్పటికి పదకొండున్నర దాటింది.

కాకినాడలో బస్సు టికెట్లు బుక్ చేసే ఒక స్నేహితుడున్నాడు. అతన్ని ఆ మీటింగు జరుగుతున్న ఆఫీసుకి పరిగెత్తించాను. అటెండరు చేత చీటీ పంపించి, కుసుమగారిని బయటికి రప్పించి, ఆవిడ చేతికి తన ఫోనిచ్చేసరికి పన్నెండు దాటి అయిదు నిమిషాలు.

"అయ్యో, బ్యాగు మా ఇంట్లో లేదండీ!" అన్నారావిడ. "తాళమేసిన ఇంట్లో పరస్థానం ఉంచకూడదని ఎదురింటి రత్నానికి ఇచ్చి వచ్చాను. దాన్నడగండి."

వెనక్కి తిరిగి చూశాం. ఎదురిల్లు. దానికీ తాళమే. రత్నం చేపలమ్ముతుందని, పొద్దున్నే గంప ఎత్తుకుని వెళితే ఒంటిగంటకి గానీ రాదని పక్కింటివాళ్ళు చెప్పారు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళిందట.

ముగ్గురం మూడు వైపులా పడ్డాం. గంగరాజుగారు కారులో బ్యారేజీ వైపు, అన్నపూర్ణగారు మోకాళ్ళ సంగతి మరిచిపోయి సందుల్లో, నేను స్కూటరు మీద కాలవగట్టు వెంబడి. "చేపలమ్మే రత్నాన్ని చూశారా" అని ఎంతమందిని అడిగానో లెక్కలేదు. చివరికి కాలవగట్టు మీద ఒక పెంకుటింటి ముందు, కత్తిపీట వేసుకుని ఎవరికో చేప ముక్కలు కోసిపెడుతూ కనిపించింది.

సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"మీరెవరండి?"

"ట్రావెల్సండి. వాళ్ళ టికెట్లు నేనే చేశాను."

"అయితే అవనివ్వండి. సంచీ మీరు పెట్టలేదు కదా. పెట్టినావిడ వత్తే ఆవిడకే ఇత్తాను. కుసుమమ్మగారు మరీ మరీ చెప్పారు, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దని."

"ఆవిడ మీ వీధిలోనే ఉన్నారమ్మా. విమానం వెళ్ళిపోతుంది!"

ఆ మాటకి లేచింది. గంప స్కూటరు మీద నా కాళ్ళ దగ్గర పెట్టి, తను వెనక కూర్చుంది. ధవళేశ్వరం వీధుల్లో అలా వెళుతుంటే తెలిసినవాళ్ళు ఇద్దరు నన్ను చూసి నవ్వారు. నాకు నవ్వొచ్చే స్థితి కాదు.

బయల్దేరేముందు నేను ఫోను చేస్తే దంపతులిద్దరూ అప్పటికే వీధిలోకి తిరిగొచ్చారు. ఇంటికి చేరగానే రత్నం తలుపు తీస్తుందనుకున్నాను. తీయలేదు. బయట కుళాయి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడిగింది. వాసన చూసుకుని మళ్ళీ కడిగింది. "నీచు చేతుల్తో ముట్టుకోకూడదండి," అంది. నేను గడియారం చూస్తూ పళ్ళు నూరుకున్నాను. అప్పుడు లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి తెల్లటి గుడ్డలో చుట్టిన హ్యాండుబ్యాగు తెచ్చి అన్నపూర్ణగారి రెండు చేతుల్లో పెట్టింది.

జిప్పు తీస్తే రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి. అన్నపూర్ణగారు బావురుమన్నారు.

"ఏడవకండమ్మా, ప్రయాణం పెట్టుకుని," అంది రత్నం. "ఎనక్కి చూడకుండా ఎల్లండి. మంచే జరుగుద్ది."

అప్పటికి పన్నెండూ యాభై. నేను స్కూటరు అక్కడే వదిలేసి వాళ్ళ కారెక్కాను. దారంతా గంగరాజుగారు హారను మీంచి చెయ్యి తీయలేదు. విమానాశ్రయం గుమ్మం దగ్గర దిగేసరికి ఒంటిగంటా ముప్పై మూడు. సూట్‌కేసులు లాక్కుంటూ లోపలికి పరిగెత్తారు. అద్దాల బయట నిలబడి చూస్తూనే ఉన్నాను. పావుగంటకి ఫోనులో మెసేజ్ వచ్చింది. "బోర్డింగ్ పాసులు ఇచ్చారండి." అక్కడే చెట్టు కింద గట్టు మీద కూర్చుండిపోయాను. ఎవరో టీ ఇస్తే తాగాను. అంత తియ్యటి టీ నేను మళ్ళీ తాగలేదు.

ఆదివారం అర్ధరాత్రి కావస్తుండగా వీడియో కాల్ వచ్చింది, అక్కడింకా సాయంత్రమే. తెరలో ముందు గంగరాజుగారి ముఖం. "నది మన గోదారిలో సగం కూడా లేదండి. కానీ ఒడ్డు భలే ఉంచుకున్నారు. ఎంత సేపు కూర్చున్నా లేవబుద్ధి కావట్లేదు." ఆయన చేతిలో తినే పదార్థమేదో ఉంది, ఫోనులో చెరువుల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన పక్కకి తప్పుకుంటే అన్నపూర్ణగారు కనిపించారు. ఫోను నది వైపు తిప్పి, అవతలి ఒడ్డున దీపాలు ఒక్కొక్కటే వెలగడం చాలాసేపు చూపించారు.

తిరిగొచ్చిన పది రోజులకి స్వీట్లు పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. అందులో ఒక పొట్లం రత్నానికి ఇవ్వడానికి ధవళేశ్వరం వెళ్ళాలట. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"పరస్థానం పెడుతున్నానని బుధవారం ఇక్కడే నాతో ఒక్క మాట అని ఉంటే, పాస్‌పోర్టులు తీసుకుని వేరేదేదైనా పెట్టమనేవాణ్ణి కదమ్మా. పోనీ, ఆయనకైనా ఎందుకు చెప్పలేదు?"

అన్నపూర్ణగారు స్వీట్ల డబ్బా మూత సరిచేస్తూ అన్నారు. "ఆయన నవ్వుతారండి. మీరూ నవ్వారు కదా."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది చెప్పారంతే. ఆ ప్రయాణం తప్పిపోయి ఉంటే పరస్థానం మీదా, కుసుమగారి మీదా, తాళం మీదా నెట్టేసి హాయిగా ఉండేవాణ్ణి. ఆవిడ నోటికి మొదటి తాళం నేనే వేశానని ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్ళు వారమనీ, తిథి అనీ, పిల్లి ఎదురొచ్చిందనీ ఏం చెప్పినా కలం పట్టుకుని వింటాను. నమ్ముతానా అంటే నమ్మను. నవ్వు వచ్చినా, వాళ్ళు గుమ్మం దాటేదాకా ఆపుకుంటాను.