డయాలసిస్ బెడ్డు మీద ఉపవాసాలు

2017లో నేను జడ్చర్లలోని ఒక ప్రైవేటు దవాఖానలో డయాలసిస్ నర్సును. కిడ్నీలు చెడిపోయినవాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేయడమే డయాలసిస్. గంటల తరబడి పడుకునే మనుషులు కదా, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. పెద్ద మతాలన్నీ నాకు అక్కడ ఉపవాసాల రూపంలోనే పరిచయమయ్యాయి. హిందువులకు శనివారాలు, ఏకాదశులు. క్రైస్తవులకు ఈస్టర్ ముందు శ్రమదినాలు. జైన సేటు ఒకాయన వాళ్ల పర్యుషణ పండుగ రోజుల్లో కాచిన నీళ్లు తప్ప ఏమీ ముట్టనని మొండికేసేవాడు. హైవే మీద ధాబా నడిపే సర్దార్‌జీ మాత్రం "మా దాంట్ల కడుపు మాడ్చుకునుడు లేదు, పదిమందికి పెట్టుడే" అని నవ్వేవాడు. ఉపవాసాలు వద్దని డాక్టర్ అందరికీ చెప్పేవారు. అందరూ తలూపేవారు, ఉండేవాళ్లు ఉండనే ఉండేవారు.

ఆ రంజాన్‌లో, రోజా ఉపవాసాలు నడుస్తుండగా, మా దగ్గరే డయాలసిస్ చేయించుకునే ఖాజాబీని ఆటోలోంచి కొడుకు ఎత్తుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, బట్టలు కుట్టి బతికేది. కాళ్లలో సత్తువ లేదు, నాడి మెల్లగా కొట్టుకుంటోంది. పొటాషియం పెరిగింది. కిడ్నీలు బయటికి పంపాల్సిన లవణం అది, మరీ ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే మెషీన్‌కు పెట్టాం. నాకు భయం వేసింది.

తేరుకున్నాక ఆమే అడిగింది. "పొద్దంత మంచినీళ్లు గూడ ముట్టలే. మరి ఒంట్ల ఎట్ల ఎక్కువైంది బేటా?"

"రోజా ఏంతోని విడిచినవ్ అమ్మా?"

"ఖర్జూరాలతోని. ఇంక జర అరటిపండ్లు."

ఆ రెండింట్లోనూ పొటాషియం దండిగా ఉంటుంది. పక్క బెడ్డు మీది లక్ష్మమ్మ మా మాటలు వింటోంది. "నేను శనివారం కొబ్బరినీళ్లే తాగుత. అవి మంచివే గద?" అంది. కావని చెప్పేసరికి ఆమె ముఖం పాలిపోయింది. ఉపవాసం ఉంటారా అని అడిగేవాళ్లమే గానీ, ఏం తిని విడుస్తారని అప్పటిదాకా మేమెవరం అడగలేదు. ఆ తర్వాత నేను అడగకుండా ఎవరినీ వదల్లేదు.

ఖాజాబీ మాత్రం రోజా మానేటట్టు లేదు. "వచ్చే యేడు ఉంటనో ఉండనో. గీ నెల పోతే మల్ల దొరుకుతదా?"

మజీదు ఇమాం సాబ్‌ను అడగమన్నాను. రోగికి రోజా మాఫీ, బదులు పేదలకు అన్నం పెట్టమని ఆయన చెప్పారట. మళ్లీ డయాలసిస్‌కు వచ్చినప్పుడు ఆ మాట మోసుకొచ్చింది గానీ, నేనిచ్చిన టీ మాత్రం ముట్టలేదు.

"పైన అల్లా అడిగితే, నర్సమ్మనే ఆపిందని నీ పేరు చెప్త."

"చెప్పు అమ్మా. నేనే ఆపిన."

కొంగుతో కళ్లు తుడుచుకుని గ్లాసు అందుకుంది. మెషీన్ నడపడం నాకు చదువులో నేర్పారు. రోగి పాపభయాన్ని కాస్త నా నెత్తిన వేసుకోవడం కూడా ఈ పనిలో ఉంటుందని ఖాజాబీ నేర్పింది.