నా స్లయిడ్‌లో పాలదొంగ

ఇవాళ ఈ టీ నా గొంతు దిగుతోందంటే వెంకటమ్మక్క చలవే! లేకపోతే సోమవారం మీటింగ్‌లో నా చార్టు ఆమె బతుకుదెరువు మింగేసేది. ఏం జరిగిందో వినండి.

నేను కర్నూలులో ఒక డెయిరీలో డేటా అనలిస్ట్‌ని. పోయిన వారం ఎమ్‌డీ సార్ పిలిచి, "ఆత్మకూరు రోడ్డు మీద మన కొత్త సెంటర్లో పాలు సగానికి తగ్గినాయమ్మా. ఎందుకో చూడు" అన్నారు. అంతే! ఏసీలో కూర్చుని ఎక్సెల్ తెరిచా. లోపలి ఊళ్లలో పాలు మామూలే. ఎండల వల్ల అనుకుందామంటే, ఎండలు అన్ని ఊళ్లకీ ఒకటే. ఈ ఒక్క ఊరి గీత మాత్రం జారుడుబండలా కిందికి! పోయినేడుతో పోల్చుదామంటే అప్పటికి ఆ సెంటరే లేదు. ఇంకేముంది, సెంటర్ నడిపే వెంకటమ్మ పాలను వేరే డెయిరీకి మళ్లిస్తోందని తేల్చేశా. ఎర్ర అక్షరాల్లో స్లయిడ్ కూడా చేశా: "ఏజెంట్‌ని మార్చాలి."

అది చూసి సార్ మొహం చిట్లించారు. "ఆమెను అడిగినావా?"

"అక్కర్లేదు సార్, డేటా క్లియర్‌గా చెబుతోంది!"

"సరే, సోమవారం మీటింగ్‌లో పెడదాం."

స్లయిడ్‌లో సెంటర్ ఫొటో ఉంటే బాగుంటుందనిపించి శనివారం స్కూటీ మీద బయల్దేరా. అబ్బబ్బ, ఏం ఎండ! రోడ్డంతా కన్నడ భక్తులు. ఉగాదికి శ్రీశైలం నడిచి పోతున్నారు, కాళ్లకి గుడ్డలు చుట్టుకుని. ఊరి మొదట్లో షామియానా వేసుంది. స్కూటీ ఆపానో లేదో, ఒకావిడ గ్లాసు చేతిలో పెట్టింది. చల్లటి మజ్జిగ! గటగటా తాగేసి, సిగ్గు లేకుండా ఇంకో గ్లాసు అడిగి మరీ తాగా.

"అక్కా, పాల సెంటర్ వెంకటమ్మ యాడుంటారు?"

"నేనే పాపా, చెప్పు."

తాగిన గ్లాసు పక్కన పెట్టేశా. మెల్లగా, "సెంటర్లో పాలు తగ్గినాయంట గదా..." అన్నా.

"తగ్గవా మరి? ఊరి పాలు సగం తోడుబెట్టి ఈడికే తెస్తాండాం. ఏటా ఇంతే. రోడ్డు మీదుండేది మా ఊరే గదా, ఇంత ఎండలో నడిచొచ్చేటోళ్లకి మేం గాక ఎవరు పోస్తారు? ఉగాది అయినాక మళ్లీ మామూలే. మీ వ్యాన్ డ్రైవర్‌కి మొదటి దినమే చెప్పినానే!"

ఆ డ్రైవర్ రోజూ నా కిటికీ కిందే వ్యాన్ ఆపుతాడు. ఒక్కసారన్నా అడిగితేగా! సిగ్గుతో చచ్చిపోయా.

అక్కడి నుంచే సార్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. ఆయన పడీపడీ నవ్వారు. "పాలెందుకు తగ్గినాయని అడిగితే, దొంగను పట్టుకొస్తివి గదమ్మా! నేను చెప్పినానా?" ఆ నవ్వు వినేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. స్లయిడ్ అక్కడికక్కడే డిలీట్!

"సరేగానీ, పాలు ఆడికే పోతాండాయని మీటింగ్‌లో ఆధారం అడుగుతారే!"

"ఆధారమెందుకు సార్, దొంగే దొరికింది. రెండు గ్లాసుల మజ్జిగ తాగి, ఇప్పుడు మీతో ఫోన్లో మాట్లాడుతోంది!"