ఉలి చప్పుడు కొలిచిన రోజు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవిలో, కాలుష్య నియంత్రణ ఇంజినీరుగా నన్ను నంద్యాలకు వేశారు. చేరిన వారానికే ఆళ్లగడ్డ కేసు నెత్తిన పడింది. అక్కడి ఒక శిల్పశాలలో రాళ్లు కోసే మిషను హోరు భరించలేక, పక్కింటి సువార్తమ్మ టీచరు పర్యావరణ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. శబ్దం కొలిచి నివేదిక ఇమ్మని మాకు ఉత్తర్వు వచ్చింది.

కొలతకు ఒక పద్ధతి ఉంది. మిషను నడుస్తుండగా ఒకసారి, ఆపించి ఒకసారి మీటరు పెట్టాలి. ఆ తేడా చూస్తేనే దోషం దేనిదో తేలుతుంది. మిషను నడిచినప్పుడు శబ్దం హద్దు దాటింది. ఆపించాను. అయినా లోపల టక్ టక్‌మని ఉలి ఆడుతూనే ఉంది. శిల్పి బ్రహ్మయ్యాచారి, డెబ్బై దాటినవాడు, నరసింహస్వామి విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు. ఆపమన్నాను.

"స్వామికి కన్ను చెక్కుతాండా సారూ. మధ్యలో చెయ్యి తీసేదానికి లేదు," అన్నాడు, తల తిప్పకుండానే.

అధికారి మాటకు ఇంతేనా విలువ అని ఒళ్లు మండింది. అయినా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. అరగంటసేపు వింటూ నిలబడ్డాను. మీటరు హద్దులోపలే ఉంది. కుడికన్ను పూర్తయింది. ఎడమకన్నుకు మంచిరోజు వచ్చే నెలలో ఉందన్నాడు.

నివేదికలో 'శబ్దానికి మూలం' అనే గడిలో అలవాటు కొద్దీ శిల్పశాల పేరు రాశాను. మా ఫారాల్లో ఎప్పుడూ సంస్థ పేరే రాసేవాళ్లం. మిషను అని రాయాలని తట్టలేదు. ట్రిబ్యునల్ ఆ మూలాన్నే మూసేయమంది. మంచిరోజు రాకముందే తలుపుకు సీలు పడింది. పనిముట్లూ, ఒంటికన్ను స్వామీ లోపలే ఉండిపోయారు.

మొదట మా ఆఫీసుకు వచ్చింది సువార్తమ్మ టీచరే.

"నేను మిషను ఆపమంటి గానీ, ఆయప్ప ఉలి ఆపమంటినా సార్? ఆ చప్పుడు వింటానే కదా నేను పిల్లోళ్ల పేపర్లు దిద్దుకునేది!" అని నిలదీశారు.

తప్పు ఒప్పుకొని అనుబంధ నివేదిక పంపాను. ఉత్తర్వు సవరించి, చేతిపనికి అనుమతి ఇచ్చేసరికి ఐదు నెలలు పట్టింది.

సీలు తీసిన రోజు నేనూ వెళ్లాను. ఆచారి ఉలి చేతిలోకి తీసుకున్నాడు, కాసేపటికి కింద పెట్టేశాడు.

"చెయ్యి వణుకుతాంది సారూ. ఇంగ కంటి మీద పెట్టలేను," అన్నాడు.

రెండో కన్ను ఆయన అల్లుడు చెక్కాడు.

ఇప్పటికీ అహోబిలం పోయినప్పుడల్లా ఆళ్లగడ్డలో బస్సు దిగి ఆ వీధి దాకా నడుస్తాను. ఇంకెవరి ఉలో మోగుతూ ఉంటుంది. నాకు కావలసింది అది కాదు. ఆ అరగంట మళ్లీ వినాలని ఉంది.

నివేదికలో ఏది ఆపాలో ఎంత స్పష్టంగా రాస్తామో, ఏది ఆపనక్కర్లేదో కూడా అంత స్పష్టంగా రాయాలి. నా తర్వాత వచ్చినవాళ్లకు ఇదే చెప్పాను. నేను మాత్రం మొదటి నివేదికలో, ఉలి ఆపనక్కర్లేదనే ఆ రెండో వాక్యం రాయలేదు.