కారు చప్పుడు విన్న చలికాలం

దేశం కాని దేశంలో మేముండే విండ్సర్ ఊరి నుంచి నేను టమాటాలు కోసే గ్రీన్‌హౌస్‌కి బస్సు లేదు. నైట్ షిఫ్ట్ దిగొచ్చి మా ఆయనే పాత కారులో దింపేవారు. మేమిద్దరం కబుర్లు చెప్పుకోవడానికి దొరికేది ఆ దారే.

ఆ చలికాలం ఇంజన్ లోపల అట్లకాడతో పెనాన్ని కొడుతున్నట్టు టకటకమని చప్పుడు మొదలైంది. తెలుగు మెకానిక్ ఒకతను యాక్సిలరేటర్ తొక్కించి విన్నాడు.

"ఇంజనే మార్చాలి అంకుల్. ఆ డబ్బుతో ఇంకో పాత కారే కొనుక్కోవచ్చు."

"ఇంకెన్నాళ్ళు నడుస్తుంది బాబూ?" అన్నాను.

"చెప్పలేం ఆంటీ. చప్పుడు పెరిగితే మాత్రం వెంటనే పక్కకి ఆపేయండి."

ఇంజనూ మార్చలేకపోయాం, కారూ కొనలేకపోయాం. కారు ఆగిపోతే నా పని పోతుంది. అందుకని కారెక్కితే చాలు, "మాట్లాడకు, విననీ" అనేవారు మా ఆయన. నేనూ నోరు మూసుకుని వినేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక, "మా చెల్లికి ఒంట్లో బాగాలేదట. రాత్రి ఫోన్లో ఒకటే ఏడుపు" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "చప్పుడు పెరిగినట్టుందా?" అని అడిగారు.

కాసేపు విని, పెరగలేదని చెప్పాను.